ఖాలీ అన్న ఒక్క మాట

మార్కండేయ స్వామి మీద ఒట్టు. మా నాయన చేతిలో అరిగి అరిగి నా చేతికొచ్చిన మగ్గం నాడె మీద ఒట్టు. ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. ఒక్క ఒట్టుతో నన్ను నమ్మే మనిషి షోలాపూర్‌లో మిగల్లేదు కాబట్టి రెండు పెట్టాను.

నమ్మకపోవడం వాళ్ళ తప్పు కాదు. భవాని పేటలో మా గల్లీ కుక్కకు మూడు భాషలు వచ్చని, మరాఠీలో అదిలిస్తే మొరుగుతుందని, తెలుగులో అదిలిస్తే తోక ఊపుతుందని, ఇంగ్లీషులో అదిలిస్తే ఆలోచించుకుని రేపు చెప్తానంటుందని పదేళ్ళు ప్రచారం చేసిన వాణ్ణి నేను. మా షోలాపూర్ టవల్ ఉతికిన కొద్దీ పెరుగుతుందని, మూడో ఏడు దాన్ని చద్దరుగా కప్పుకోవచ్చని ఒక బెంగుళూరు వ్యాపారికి చెప్తే, పాపం, కాగితం మీద రాసుకున్నాడు. చాయ్ హోటల్లో నేను నోరు తెరిస్తే జనం గ్లాసులు పట్టుకుని దగ్గరికి జరుగుతారు. ఆ జరగడం కోసమే నేను యాభై రెండేళ్ళు బతికానేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

అవన్నీ వేరు. ఇది వేరు. ఇందులో మా అక్క ఉంది.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. కుంఠా నాకా దగ్గర ఒక పాత రెండంతస్తుల కట్టడంలో, కింది అంతస్తు అద్దెకు తీసుకుని, అక్కా బావా ఎనిమిది సాంచాలు నడిపేవారు. సాంచా అంటే కరెంటు మగ్గం. టవళ్ళు నేసేవారు. సాంచాల వెనక అడ్డంగా గోడ పెట్టి చేసిన చిన్న ఖోలీలో వంట, పడక, దేవుడి పటాలు అన్నీ. కట్టినప్పుడు అది నేల మట్టానికే ఉండేదట. తర్వాత రోడ్డు మీద డాంబరు, ఆ డాంబరు మీద ఇంకో డాంబరు పోసి పోసి, చివరికి రోడ్డు వచ్చి పై అంతస్తు గడపకు ఆనింది. రోడ్డు మీంచి చూసేవాడికి అది ఒంటి అంతస్తు కట్టడం. కింద ఇంకో అంతస్తు ఉందని, అందులో మనుషులున్నారని తెలియాలంటే వెనక గల్లీకి తిరిగి పద్దెనిమిది మెట్లు దిగాలి. పై అంతస్తులో ఎవరూ లేక ఏళ్ళయింది. బట్ట మీద పువ్వులు దింపడానికి రంధ్రాలు పొడిచి తాళ్ళతో కుట్టిన జకార్డు అట్టలు చెదలు పట్టి కుప్పలుగా పడి ఉండేవి. మిగతా చోటంతా పావురాలది.

సాంచాల మోతలో నిలబడి నిలబడి బావకు చెవులు ముక్కాలు భాగం పోయాయి. అక్కవి సగం. వాళ్ళిద్దరూ గొంతు వాడేది తక్కువ. పెదవులు బాగా సాగదీసి, ఒక్కో అక్షరాన్ని నోటితో బొమ్మ గీసినట్టు గీసి మాట్లాడుకునేవారు. సాంచాలు ఆపేసి అన్నం తినేటప్పుడు కూడా అంతే. ఇంట్లో పళ్ళెం చప్పుడు తప్ప ఇంకేమీ వినపడకుండా వాళ్ళు పెద్ద పెద్ద పోట్లాటలు ఆడడం నేను చూశాను. అక్క చివరి మాట అనేసి తల తిప్పేసుకునేది. తల తిప్పితే ఇక బావ ఏమన్నా ఆమెకు చేరదు. అలా ప్రతిసారీ ఆమే గెలిచేది.

నేను పనిచేసే టవళ్ళ ఎగుమతి ఆఫీసు మూతపడింది. అక్కడ నా పని ఇంగ్లీషు ఉత్తరాలు రాయడం. పనిలేక తిరుగుతుంటే, స్థలాలు, కట్టడాలు అమ్మిపెట్టే ఒక దలాలు కబురు పెట్టాడు. ఇంగ్లండు నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు, గోదాములు కట్టడానికి చోటు చూస్తాడు, నాలుగు రోజులు కారులో పక్కన కూర్చుని ఇక్కడివాళ్ళ మాట ఆయనకు, ఆయన మాట ఇక్కడివాళ్ళకు చెప్పాలి. అంతే పని.

పెద్దాయనకు డెబ్భై దాటి ఉంటాయి. పొడుగ్గా, సన్నగా, నెత్తిన గుడ్డ టోపీ, చేతిలో కర్ర, మోకాళ్ళు సరిగా వంగవు. గోదాములు, చిన్న చిన్న కార్ఖానా షెడ్లు కట్టి అద్దెకివ్వడమే జీవితమంతా ఆయన చేసిన పని. వాళ్ళ దేశంలో పెద్ద రోడ్ల పక్కన ఆయన రేకుల షెడ్లు లేని జిల్లా లేదని దలాలు చెప్పాడు. నేనైతే ఇంకాస్త పెంచి చెప్పేవాణ్ణి, కానీ పెంచడానికి అందులో చోటు లేదు.

మొదటి రోజంతా ముభావంగానే ఉన్నాడు. రెండో రోజు ఒక సాంచాల షెడ్డు ముందు కారు ఆగగానే ఆ మోత విని కళ్ళు మూసుకున్నాడు. లోపలికి పోయి, అటు చివర ఉన్న నేతగాడితో ఇటు చివర నుంచి పెదవులు సాగదీసి ఏదో అన్నాడు, గొంతు లేకుండా. నేతగాడు బిత్తరపోయి నవ్వాడు. ఇద్దరి భాషలూ వేరు గనక ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయినా ఆ షెడ్డులోంచి బయటికొచ్చాక ఆయన నాతో మాట్లాడడం మొదలుపెట్టాడు, ఇక ఆపలేదు.

ఇంగ్లండు ఉత్తరాన ఒక మిల్లుల ఊరు ఆయనది. వాన పడని రోజున ఆ ఊరి జనం ఏదో తప్పు జరిగినట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారట. తండ్రి మిల్లు బాయిలరు దగ్గర పనిచేస్తూ ఈయన ఊహ తెలియకముందే పోయాడు. తల్లి మగ్గాల మీద నేతగత్తె. ఇంటికొచ్చాక కూడా పెదవులతోనే మాట్లాడేది. వీధికి ఆ పక్క కిటికీలో ఉన్న పొరుగావిడతో, గాజు తలుపులు మూసే ఉండగా, ఊరి కబుర్లన్నీ చెప్పుకునేదట. ఈయన మాట్లాడడం కంటే ముందే పెదవులు చదవడం నేర్చాడు. బడిలో, అటు మూలన టీచర్లిద్దరూ గుసగుసలాడుకున్న ప్రశ్నపత్రం చదివేసి ఒక ఏడాది ఫస్టొచ్చానని చెప్పాడు. ఈ ఒక్కటి మాత్రం నా లెక్కన కోత. ఆ తరహా కోతలు నేను గుర్తుపట్టగలను.

పదహారో ఏట, ఇళ్ళు అద్దెకు ఇప్పించే ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. ఊళ్ళో మిల్లులు ఒక్కటొక్కటే మూతపడుతున్న కాలం. నాలుగంతస్తుల మిల్లును ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు. ఈయన ఒకటి కనిపెట్టాడు. మిల్లంతా అంటే ఎవడూ రాడు, ఒక్క గది అంటే వీధంతా వస్తుంది. చెక్కలతో అడ్డుగోడలు పెట్టి గదులు గదులుగా చీల్చి ఇవ్వాలి. టైర్లు బాగుచేసేవాడు ఒకడు, పరుపులు కుట్టేవాడు ఒకడు, శుభలేఖలు అచ్చువేసేవాడు ఒకడు, ఆడపిల్లలకు నాట్యం నేర్పే ఆవిడ ఒకతె. ఆ ఉపాయంతోనే ఒక మిల్లు నుంచి రెండో మిల్లుకు, మిల్లుల నుంచి రోడ్డు పక్క రేకుల షెడ్లకు ఎదిగాడు. పేపర్లలో బొమ్మలు పడ్డాయి. చచ్చిపోతున్న ఊళ్ళకు ఊపిరి పోసిన మనిషన్నారు.

"మొదటి మిల్లు కొన్నప్పుడు," అని ఆగాడు. కారు హోటగీ రోడ్డు మీద పోతోంది. మొదటి మిల్లులో అప్పటికి ఒక మూల ఇంకా కొన్ని మగ్గాలు నడుస్తున్నాయట. ఎనిమిది మంది నేతగత్తెలు. కట్టడం చేతికి రావాలంటే మనుషులు లేకుండా రావాలని కాగితంలో ఉంది. నోటీసులు ఈయనే తీసుకెళ్ళి ఇచ్చాడు. ఎనిమిదో నోటీసు వాళ్ళమ్మకు.

ఆమె అది తీసుకుని, మడిచి ఏప్రను జేబులో పెట్టుకుని, కొడుకు ముఖంలోకి చూసి ఏదో అన్నదట. మగ్గాలు నడుస్తున్నాయి. పెదవులతోనే అన్నది. ఆమె జీవితంలో అన్న ప్రతి మాటా చదివిన కొడుక్కు ఆ ఒక్కటి మాత్రం అందలేదు. తర్వాత అడిగితే ఏమీ అనలేదంది. ఆ మిల్లు గడప మళ్ళీ తొక్కలేదు. ఇంకో పదకొండేళ్ళు బతికింది. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

ఆ రోజు నుంచి ఆయనకు ఒక నియమం. మనుషులున్న కట్టడం కొనడు. పని చేసేవాళ్ళున్నా సరే, పడుకునేవాళ్ళున్నా సరే. కాగితాల్లో ఎవరూ లేరని ఉంటుంది, కాగితం రాసేవాడు ఏదైనా రాస్తాడు, అందుకే తానే వచ్చి, నిలబడి, నోటితో అడిగి కనుక్కుంటాడు. ఈ నియమం వల్ల మా దలాలు నెత్తి బాదుకుంటున్నాడు. మొదటి మూడు రోజుల్లో మూడు చోట్లు చూపిస్తే మూడింటినీ ఆయన వదిలేశాడు. ఒక చోట మిల్లు మూలన కాపలా ముసలాడు కుక్కర్లో పప్పు పెట్టుకుంటున్నాడు. ఆ ఒక్క కుక్కరు విజిల్ విని పెద్దాయన కారెక్కేశాడు.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, మా అక్కకు భయపడాల్సింది ఏమీ లేదని మీకు తెలియాలి. కింద మనుషులున్నారు అని ఒక్క మాట ఆయన చెవిలో పడితే చాలు.

నాలుగో రోజు ఎండ విపరీతంగా ఉంది. మర్నాడు ఆయన పుణె పోయి విమానం ఎక్కాలి. అలసిపోయి కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. ఊరికే ఉండలేక ఒక కథ చెప్పాను. మా ఊళ్ళో ఒకచోట ఒక నేతగాడు పడుగు పూర్తికాకుండానే పోయాడని, మిట్టమధ్యాహ్నం అతని సాంచా తనంతట తాను నడుస్తుందని, దాని మీద దిగిన టవల్‌తో ఎంత తుడుచుకున్నా తడి ఆరదని. పెద్దాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. నాలుగు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు. దయ్యానికి వారానికో సెలవు ఉంటుందా అని అడిగాడు. కరెంటు కోత రోజున దానికీ సెలవేనన్నాను. మళ్ళీ నవ్వాడు.

కుంఠా నాకాలో ఆ కట్టడం ముందు కారు ఆగింది. దలాలు జాబితాలో అదే చివరిది. ఇంటి సేటు ఊరు వదిలి చాలా కాలమైంది. అమ్మేస్తానని ఎప్పటినుంచో అంటున్నాడు. బావ దగ్గర అద్దె కాగితం అంటూ లేదు. వాళ్ళ నాయన, సేటు నాయన మాట మీద కుదుర్చుకున్న అద్దె అది.

ఆ రోజు వారానికోసారి వచ్చే కరెంటు కోత. ఒక్క సాంచా నడవడం లేదు. మేము రోడ్డు మీంచి నేరుగా పై అంతస్తులోకి పోయాం. పావురాలు లేచాయి. పెద్దాయన జకార్డు అట్ట ఒకటి చేతిలోకి తీసుకుని, రంధ్రాల్లోంచి వెలుగు చూసి, మళ్ళీ ఎక్కడిదక్కడే పెట్టాడు. కింద ఏముందని అడిగాడు. దలాలు హిందీలో నా చెవి కొరికేస్తున్నాడు. ఇది కూడా పోతే తన గతేమిటని. నేను హిందీలోనే అతనికి సర్దిచెప్తున్నాను.

వెనక మెట్లెక్కి అక్క వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి. కొంగుకు తుడుచుకుంటూ నన్ను చూసి ధైర్యం తెచ్చుకుంది.

"ఎవరు తమ్మీ వీళ్ళు? సేటు అమ్ముతున్నడా?"

చూడ్డానికి వచ్చారన్నాను.

అక్క పెద్దాయన వైపు తిరిగింది. సాంచాల దగ్గర మాట్లాడినట్టే పెదవులు సాగదీసి, గొంతు సగమే వాడి, "మేమందరం ఖాలీ ఉన్నం. చెప్పు తమ్మీ, గోరాకు చెప్పు," అంది.

పెద్దాయన ఆమె నోటినే చూస్తున్నాడు. మా అమ్మ మాట్లాడినట్టే ఉంది, ఏమంటోంది, అని నన్నడిగాడు. ఆవిడెవరని కూడా అడిగాడు. పక్కింటావిడ అని దలాలు నాకంటే ముందు అందుకున్నాడు.

ఇప్పుడు ఆ మాట గురించి చెప్పాలి. మరాఠీలో ఖాలీ అంటే కింద. హిందీలో ఖాలీ అంటే ఎవరూ లేరని, ఏమీ లేదని. తెలుగు అచ్చులో ఈ రెండోదానికి ళ రాసుకుంటాం గానీ, మూడు భాషలు కలిపి నమిలే మా నోళ్ళలో రెండూ ఒక్కలాగే దొర్లుతాయి. మా పేటలో పుట్టినవాళ్ళు తడుముకోరు. కొత్తవాళ్ళే దెబ్బతింటారు. ఒకసారి పెళ్ళిలో వరంగల్ నుంచి వచ్చిన మగపెళ్ళివారు భోజనాల సంగతి అడిగితే, మావాడొకడు "భోజనం ఖాలీ ఉంది" అన్నాడు. కింద వడ్డించి ఉందని వాడి అర్థం. అయిపోయిందని వాళ్ళ అర్థం. పెళ్ళివారు లేచి బస్టాండుకు పోయారు. వాళ్ళను బతిమాలి వెనక్కి తీసుకొచ్చేసరికి నిజంగానే ఖాలీ అయింది.

ఆ పూట నా చెవి హిందీలో ఉంది. దలాలు హిందీలో వాయిస్తున్నాడు, నేను హిందీలో జవాబు చెప్తున్నాను, మధ్యలో ఆ మాట వచ్చి పడింది. ఎవరూ లేరంటోంది అని పెద్దాయనకు చెప్పాను.

ఆయన వెనక మెట్ల వైపు రెండడుగులు వేసి ఆగాడు. మెట్లు బాగా లేవని దిగలేదు. తర్వాత కర్ర ఎత్తి నేల మీద మూడుసార్లు తట్టి, నా వైపు చూసి నవ్వాడు. దలాలు కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. అక్క కూడా నవ్వింది. తన మాట చేరిందనుకుంది. పెద్దాయన టోపీ తీసి ఆమెకు తల వంచి, కారెక్కాడు.

నాలుగు నెలలకు సేటు మనుషులు వచ్చారు. కట్టడం అమ్ముడుపోయింది, పదిహేను రోజుల్లో ఎత్తేయాలన్నారు. బావ వకీలు దగ్గరికి పోతే కాగితం చూపించమన్నాడు. లేని కాగితం ఎక్కడ చూపిస్తాడు. పదిహేనో రోజున వాళ్ళు గ్యాస్ కట్టరు తెచ్చారు. సాంచాలు పాతవి, విప్పితే బోల్టులు రావు, కోయక తప్పదన్నారు. నేనూ పోయాను. ఇద్దరు మనుషులు నల్ల అద్దాలు పెట్టుకుని ఒక్కో సాంచాను మూడు ముక్కలు చేశారు. ఆరో సాంచా మీద సగం దిగిన టవల్ అలాగే ఉంది. అక్క కోసుకుంటానంది. వద్దని ఎవరూ అనలేదు గానీ, కట్టరు ఆగలేదు. నిప్పురవ్వ పడి అది అంచు వెంబడి కాలుతూ పోయింది. అక్క చేత్తోనే ఆర్పింది. ముక్కలు పాత ఇనుము కొనే భంగారువాడి లారీలోకి ఎక్కాయి.

బావ ఆ మెట్ల మీద కూర్చుని నన్ను ఒకటే అడిగాడు. "ఆ గోరా వచ్చిననాడు పైనుంచి తట్టిండు గద. మోత వినవడలే, దూలం అదిరింది, కాళ్ళకు తెలిసింది. నేను బట్ట సుట్టే గొట్టం వట్టుకొని తిరిగి తట్టిన, మూడుసార్లు. మీకు వినవడలేదా?"

వినపడలేదు బావా అన్నాను.

"మనుషులున్నరని తెల్వాలె అని తట్టిన," అన్నాడు.

విడీ ఘర్కుల్‌లో బావ చెల్లెలి ఇంట్లో ఒక ఖోలీ ఇచ్చారు. ఆ కాలనీలో ఆడవాళ్ళందరూ బీడీలు చుట్టేవాళ్ళే. అక్క యాభై ఏళ్ళు దాటాక ఆకు కత్తిరించడం నేర్చుకుంది. పోగు తెగితే కళ్ళు మూసుకుని ముడి వేసే వేళ్ళకు తంబాకు నిలవలేదు. మొదట్లో ఆమె కట్టలు సగం వెనక్కి వచ్చేవి. చుట్టుపక్కల ఆడవాళ్ళ ముందు చాట ఒళ్ళో పెట్టుకుని గోరాను తిట్టేది. వాడి షెడ్లు కూలాలని, వాడి నోట మాట పడిపోవాలని. "చెప్పినం. నోరు తెరిచి చెప్పినం. మనుషులున్నరని తెలిసి మరీ కొన్నడు. నవ్వుకుంట టోపీ తీసి దండం పెట్టిండు గూడ." పేటలోనూ అదే మాట పాకింది. పెద్దాయన పేరెత్తితే జనం ఉమ్మేసేవారు. నేను ఎక్కడ కూర్చున్నా, ఆ మాట వస్తే తల ఊపేవాణ్ణి.

కట్టడం పడగొట్టి, చోటంతా కాంక్రీటు పోసి, నీలం రేకుల గోదాము లేపారు. గేటు దగ్గర కాపలా మనిషి కావాలంటే దలాలు నా మాట మీద బావను పెట్టాడు. ఆయనకు అది మేలు చేశాననే అనుకున్నాను. ప్లాస్టిక్ కుర్చీలో, తన సాంచాలు ఉండిన చోటికి సరిగ్గా పైన కూర్చుని, బావ లారీలకు గేటు తీసేవాడు. హారను వినపడేది కాదు. డ్రైవర్లకు అలవాటైపోయింది, దిగి వచ్చి భుజం తట్టేవారు. ఎప్పుడు పోయి చూసినా పెదవులు కదులుతూ ఉండేవి. ఎదురుగా చదివేవాళ్ళు ఎవరూ లేరు. రెండో ఎండాకాలం, ఒక మధ్యాహ్నం, ఒక డ్రైవరు దిగి వచ్చి భుజం తట్టాడు. బావ కుర్చీతో సహా పక్కకు ఒరిగాడు.

అంతకు ముందే పెద్దాయన నుంచి నాకు ఒక మెయిలు వచ్చింది. చిన్నదే. తన జీవితంలో కొన్న కట్టడాల్లో లోపల ఎవరూ లేకుండా కొన్నవి ఇంకా ఉన్నా, మనసులో ముల్లు లేకుండా కొన్నది ఇదొక్కటేనని రాశాడు. వాళ్ళమ్మ సమాధి దగ్గరికి పోయి ఆ సంగతి చెప్పానని, గొంతు లేకుండా, ఆమెకు అలవాటైన పద్ధతిలో చెప్పానని రాశాడు. నేను జవాబుగా, సంతోషం అని రాశాను. బావ పోయిన ఏడాదికి పెద్దాయన కూతురు రాసింది. ఆసుపత్రిలో చివరి రోజుల్లో కూడా వచ్చిన ప్రతి నర్సుకూ షోలాపూర్ దయ్యం కథ చెప్పి నవ్వేవారట. ఆ కథ చెప్పిన పెద్దమనిషికి కృతజ్ఞతలని.

పోయిన వారం విడీ ఘర్కుల్ పోయాను. అక్క ఇప్పుడు బాగానే చుడుతోంది. చుట్టూ ఎవరూ లేరు. గోరా పోయాడని ఎప్పుడో చెప్పాను గానీ, తిట్టడం మాత్రం మానలేదు. పోయినవాణ్ణి తిడితే ఎక్కడికి చేరుతుందే అన్నాను. కత్తెర ఆపి, నా ముఖంలోకి కాదు, నా నోటి వైపు చూసింది.

"తమ్మీ, నువ్వు ఆనాడు గోరాకు సక్కగనే చెప్పినవ్ గద?"

చెప్పిన అక్కా అన్నాను. ఆమె ఇంకా నా నోటినే చూస్తోంది. కొంచెంసేపటికి తల తిప్పేసుకుంది.

పైన రెండు ఒట్లు పెట్టాను గనక ఇప్పుడు విప్పాలి. పెద్దాయన జీవితం ఆయన చెప్పినట్టే రాశాను. వాళ్ళమ్మ, ఎనిమిదో నోటీసు, ఏప్రను జేబు, అన్నీ ఆయనవే. సాంచాలు, కట్టరు, కాలిన టవల్, ప్లాస్టిక్ కుర్చీ, ఏదీ నేను అల్లింది కాదు. నేను కల్పించింది ఒక్కటే. నా పొరపాటు.

నా చెవి హిందీలో లేదు. భవాని పేటలో పుట్టినవాడికి ఆ మాట దగ్గర చెవి తప్పడమనేది ఉండదు. పైగా అక్క అన్నది ఆ ఒక్క మాటే కాదు. మేమందరం ఖాలీ ఉన్నం, ఎనిమిది సాంచాలు, మీ బావ, నేను, ముప్పై ఏండ్ల సంది ఉన్నం, అని వేళ్ళు చూపించి మరీ చెప్పింది. మెట్లు విరిగాయని పెద్దాయనకు చెప్పింది నేనే. అవి బాగానే ఉండేవి, అక్క రోజూ కడిగేది. కారులో చెప్పిన దయ్యం కథకు ఒక చోటు కావాలి గదా. కుంఠా నాకాలో రోడ్డు కింద కూరుకుపోయిన ఒక అంతస్తు ఉందని, ఇరవై ఏళ్ళుగా అందులో నరమానవుడు లేడని చెప్పాను. ఆ కట్టడం దగ్గరికే పోతున్నామని నాకు తెలియదు. తెలిసేసరికి కారు ఆగింది. ఆయన దిగుతూ, మీ దయ్యం ఇల్లు ఇదేనా అని పసిపిల్లాడిలా అడిగాడు. అవునన్నాను. ఆ తర్వాత అక్క మెట్లెక్కి వచ్చింది. అక్క మాట చెప్తే నా కథ పోతుంది. నాలుగు రోజుల తర్వాత నవ్విన మనిషి ముందు నేను అబద్ధాలవాణ్ణవుతాను. దలాలు నాకేమీ ఇస్తాననలేదు. అంతకు మించి కారణం లేదు. వెతికాను, లేదు.

కర్రతో ఆయన తట్టింది దయ్యాన్ని పలకరించడానికి. కింద నుంచి మూడు చప్పుళ్ళు తిరిగి వచ్చాయి. నాకు వినపడ్డాయి, ఆయనకూ వినపడ్డాయి. నవ్వు ఆపి నా వైపు చూశాడు. ఆ క్షణంలో కూడా చెప్పి ఉండొచ్చు. దయ్యమే అన్నాను. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను చూసింది అదే మొదలు, అదే ఆఖరు.

అక్క చదువుకున్నది మరాఠీ బడిలో. మాట్లాడుతుంది గానీ తెలుగు అక్షరం చదవలేదు. అందుకే ఇది తెలుగులో రాశాను.